పెద్దసారు సెలవు పెట్టిన ఆరు రోజులు

ఇరవైమూడేళ్ళ వయసులో మనిషికి ఒక గొప్ప సౌకర్యం ఉంటుంది. తనకి తెలియనిది ఎంతుందో తనకి తెలియదు. ఆ రోజుల్లో నేను మడత నలగని చొక్కా తొడుక్కుని చోడవరం మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే, చెరుకు లారీలు కూడా నన్ను చూసి పక్కకి తప్పుకుంటున్నాయనే అనుకునేవాణ్ణి. (అవి గోతులు తప్పించుకునేవని తర్వాత తెలిసింది.) డిగ్రీ చేతిలో ఉంది, కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టు ఫైల్లో ఉంది, ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలయింది. లోకంలో చాలా పనులు సరిగా జరగడం లేదనీ, వాటిని సరిచేసే అవకాశం నాకింకా ఎవరూ ఇవ్వడం లేదనీ గట్టి నమ్మకం. అలాంటివాడి చేతికి ఆరు రోజులపాటు పందొమ్మిదిమంది మీద పెత్తనం ఇస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను నవ్వడం మొదలుపెట్టడానికి మాత్రం నాలుగైదేళ్ళు పట్టింది.

మాది స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్. ఒకప్పుడు బెల్లం దిమ్మలు నిలవచేసిన రేకుల షెడ్డు అది. వాన పడ్డ రోజున గోడల్లోంచి ఇంకా తీపి వాసన వచ్చేది. పద్దెనిమిది కుట్టుమిషన్లు, గుమ్మం నుంచి వెనక గోడ దాకా పొడుగాటి కటింగ్ బల్ల, పందొమ్మిదిమంది ఆడవాళ్ళు, పెద్దసారు, నేను. పెద్దసారంటే యజమాని కాదు, మేనేజరు. యజమాని విశాఖపట్నంలో ఉండేవారు, ఆయన గొంతు ఫోన్లో వినడమే తప్ప మనిషిని చూసినవాళ్ళు తక్కువ. కుట్టేవాళ్ళు చోడవరం వాళ్ళు కొందరు, చుట్టుపక్కల ఊళ్ళనించి పొద్దున్న బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళేవాళ్ళు కొందరు. నేను సూపర్‌వైజర్ని. అంటే లెక్కెట్టుకోవడం, సంతకాలు తీసుకోవడం, దారపు ఉండలు అయిపోతే తెప్పించడం.

పెద్దసారు ఏం చేసేవారో మొదటి ఎనిమిది నెలల్లో నాకు అంతుపట్టలేదు. తొమ్మిదింటికి వచ్చేవారు. చేతులు వెనక్కి కట్టుకుని మిషన్ల మధ్య తిరిగేవారు. "ఏటమ్మా, మీ ఆవు ఈనిందా?" అని ఒకామెని, "కోటపాడు బస్సు ఇయ్యాలేనా టయానికొచ్చిందా?" అని ఇంకొకామెని అడిగేవారు. ఒకామె దగ్గర నిలబడి ఏమీ మాట్లాడకుండా కాసేపు చూసి, ఆమె మిషను కిందికి ఒక చెక్కముక్క తోసి, వెళ్ళిపోయేవారు. టీ తాగేవారు. మళ్ళీ ఒక చుట్టు తిరిగేవారు. నేను రహస్యంగా ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా: "మేనేజరు గారు అనవసర సంభాషణలకి రోజుకి సుమారు మూడు గంటలు వెచ్చిస్తున్నారు." (ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. మా ఆవిడ ఎప్పుడైనా నా మీద కోపమొస్తే అందులోంచి ఒక పేజీ పైకి చదువుతుంది.)

ఆ వేసవిలో యజమాని, పెద్దసారుని విశాఖపట్నంలో రెండు రోజుల లీడర్‌షిప్ ట్రెయినింగుకి వెళ్ళమన్నారు. ఆయన "నాకెందుకండి, కుర్రాణ్ణి పంపండి, పనికొస్తాది" అన్నారు. అలా నేను వెళ్ళేను. ఏసీ హాలు, గుండ్రటి బల్లలు, గంటకోసారి బిస్కెట్లు. ఒక నాయకుడికి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు గోడ మీద బొమ్మల్లో చూపించేరు. రెండోరోజు నమ్మకం పెంచే ఆట ఒకటి ఆడించేరు. కళ్ళు మూసుకుని వెనక్కి పడాలి, వెనకనున్నవాడు పట్టుకుంటాడు. నా వెనకాయన సరిగ్గా అప్పుడే బిస్కెట్టు కోసం వెళ్ళేడు. నడుం పట్టేసినా ఉత్సాహం మాత్రం తగ్గలేదు. ఒక ఫైలు, 'టీమ్ లీడర్' అని రాసున్న బ్యాడ్జీ పట్టుకుని చోడవరం బస్సు దిగేను.

వారం తిరక్కుండా అవకాశం వచ్చింది. పెద్దసారు భార్యకి మోకాలి ఆపరేషను. ఆయన సోమవారం నుంచి శనివారం దాకా సెలవు పెట్టేరు. వెళ్ళేముందు నన్ను పిలిచి, "ఒరే నాన్నా, ఆరు రోజులు సూసుకో. కొత్త స్కూలు ఆర్డరు, వచ్చే సోమవారానికి అప్పగించాలి. బట్ట వాళ్ళే కొనిచ్చేరు, మూర కూడా ఎక్కువ లేదు. ఈ స్కూలు మనకి నిలబడితే ఏడాదంతా పనుంటాది, లేకపోతే ఆగస్టు నుంచి సగం మందిని ఇంటికి పంపాల్సొస్తాది. ఏదైనా తేడా వస్తే నాకు ఫోన్ చెయ్యి. దానికన్నా ముందు మామ్మనడుగు" అన్నారు. మామ్మంటే మా కటింగ్ చేసే ఆవిడ. అందరూ కత్తెర మామ్మ అనేవారు. అరవైకి దగ్గర పడింది, సంతకం బదులు వేలిముద్ర వేసేది, కానీ బట్టని బల్ల మీద పరిచి అరచేత్తో ఒకసారి నిమిరిందంటే అందులో ఎన్ని చొక్కాలున్నాయో చెప్పేసేది. నేను "అలాగే సార్" అన్నాను. మనసులో మాత్రం పన్నెండు లక్షణాల్లో 'మామ్మనడగడం' అనేది లేదని గుర్తుచేసుకున్నాను.

సోమవారం పొద్దున్న బ్యాడ్జీ పెట్టుకుని వెళ్ళేను. రోలుగుంట నుంచి వచ్చే పిన్ని ఒకావిడ ఉండేది, కాలర్లు కుట్టడంలో ఆవిడంత చెయ్యి ఎవరికీ లేదు. ఆవిడ నా జేబు దగ్గరికి వంగి చూసి, "ఇదేటి బాబూ, ఏ పార్టీది?" అంది. "పార్టీ కాదు పిన్నీ, టీమ్ లీడర్ని" అన్నాను. "గెలుస్తాదిలే బాబూ" అని ధైర్యం చెప్పి వెళ్ళి కూర్చుంది.

ఆ రోజు నుంచి మూడు కొత్త పద్ధతులు పెట్టేను. మొదటిది, పొద్దున్నే అందరూ నిలబడి పావుగంట మీటింగు. (రెండు బస్సులు మారి, బస్సులో నిలబడి వచ్చినవాళ్ళని మళ్ళీ నిలబెట్టడం అది.) రెండోది, ఎవరెంత వేగంగా కుడతారో చూసి ఆ వరసలో మిషన్లు మార్చేశాను. ఎవరి పక్కన ఎవరు ఎందుకు కూర్చున్నారో అడగలేదు. రోలుగుంట పిన్ని పక్కన ఎప్పుడూ కోటపాడు అక్క అనే ఆవిడ కూర్చునేది. ఇద్దరూ రోజంతా ఏదో మాట్లాడుకుంటూనే ఉంటారని, ఒకర్ని ఈ చివరా ఒకర్ని ఆ చివరా వేసేను. కోటపాడు అక్క "బాబూ, పిన్ని పక్కన నేనుండాలి, ఎందుకంటే…" అనబోయింది. "అక్కా, ఎందుకంటే అనేది మూడో పద్ధతిలోకి వస్తుంది" అన్నాను.

మూడో పద్ధతి సలహాల పెట్టె. రేకు డబ్బాకి పైన చీలిక పెట్టించి, తాళం వేయించి, గుమ్మం పక్కన మేకుకి తగిలించేను. పని మధ్యలో వచ్చి మాట్లాడకూడదు, ఏదున్నా కాయితం మీద రాసి అందులో వెయ్యాలి, శనివారం పదకొండింటికి అందరి ముందూ తెరుస్తాను, ఇదీ ఏర్పాటు. మర్నాటికి ఎవరో ఆ డబ్బాకి కుంకం బొట్టు పెట్టేరు.

ఆ మీటింగుల్లో నా మాటలు అందరికన్నా శ్రద్ధగా విన్నది రోలుగుంట పిన్ని. నేను ఏం చెప్పినా కళ్ళు ఆర్పకుండా చూసి, తల ఊపి, చివర్లో చక్కగా నవ్వేది. మిగిలినవాళ్ళు ఆవలిస్తుంటే ఆవిణ్ణి చూసుకునే నేను మాట్లాడేవాణ్ణి. మూడోరోజున గోడ మీద చార్టు అంటించి 'ఈ వారం స్టార్' అని ఆవిడ పేరు రాసేను.

ఇక సైజుల లిస్టు. పెద్దసారు దాన్ని క్యాలెండరు కాయితం వెనక పెన్సిలుతో రాసేరు. ఒకటో తరగతికి ఛాతీ ఇరవైనాలుగు అంగుళాలు, అలా పెరుగుతూ పదో తరగతికి ముప్పైఎనిమిది. చూడ్డానికి బాగులేదని మంగళవారం పొద్దున్న దాన్ని కంప్యూటర్లో ఎక్కించేను. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి వరసగా నిలబెట్టే బటన్ ఒకటుంటుంది. ఎందుకు నొక్కేనో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను, నొక్కితే బాగుంటుందనిపించింది. సైజుల గడి మాత్రం తిరగబడింది, తరగతుల గడి ఎక్కడిదక్కడే ఉండిపోయింది. ఒకటో తరగతికి ఎదురుగా ముప్పైఎనిమిది, పదో తరగతికి ఎదురుగా ఇరవైనాలుగు. నేను దానికి రంగుల గీతలు వేసి, ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి కటింగ్ బల్ల మీద అంటించేను.

మామ్మకి చదవడం రాకపోయినా అంకెలు వచ్చు. పావుగంటలో నా దగ్గరికి వచ్చింది. "బాబూ, ఒకటో క్లాసు గుంటలకి ముప్పైఎనిమిదేటి?"

"మామ్మా, అది కంప్యూటర్ నుంచి వచ్చిన లిస్టు."

"కంప్యూటర్ నుంచొస్తే మాత్రం, గుంటలు ఇంతే కదా ఉంతారు" అని పిల్లల ఎత్తుని చేత్తో తన నడుం దగ్గర చూపించింది.

"ఏదైనా చెప్పాలనుకుంటే రాసి పెట్టెలో వెయ్యి మామ్మా. అందరికీ ఒకటే పద్ధతి."

"నాను రాయనేను కదా బాబూ."

"బొమ్మ గీసినా పరవాలేదు" అన్నాను, చాలా ఉదారంగా.

మామ్మ నా వైపు కాసేపు చూసింది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. కోపం కాదు. బస్సు వెళ్ళిపోయాక స్టాండులోకి పరిగెట్టుకొచ్చేవాణ్ణి చూస్తాం చూడండి, అలా. వెళ్ళి గళ్ళ బట్ట పరిచింది. (ఆ స్కూల్లో చిన్న తరగతులకి గళ్ళ చొక్కాలు, పెద్ద తరగతులకి నీలం చొక్కాలు.) బుధ, గురు, శుక్రవారాల్లో ఒకటి, రెండు తరగతుల గళ్ళ చొక్కాలు నూట నలభై కుట్టేరు. నాకు తెలిసి ఆ షెడ్డులో అంత వేగంగా పని ఎప్పుడూ జరగలేదు. మాటల్లేవు కాబట్టి మిషన్ల చప్పుడొక్కటే. దాన్నే నేను క్రమశిక్షణ అనుకున్నాను.

ఒక్క కటింగ్ దగ్గరే నాకు చిక్కొచ్చింది. గురువారం స్కూలు హెడ్మాస్టరు గారు ఫోన్ చేసి, పదో తరగతి ముందు మొదలవుతుంది, వాళ్ళ చొక్కాలు ముందు కావాలన్నారు. నీలం బట్ట తాను విప్పమని మామ్మకి చెప్పేను. "కత్తెర సానకెళ్ళింది బాబూ" అంది. మధ్యాహ్నానికి కత్తెరొచ్చింది. "నడుం పట్టేసింది" అంది. నాకూ ట్రెయినింగులో పట్టేసింది కాబట్టి సానుభూతి చూపించేను. శుక్రవారం మళ్ళీ అడిగితే, "ఇయ్యాల అమాస, కొత్త తాను విప్పకూడదు" అంది. వెళ్ళి క్యాలెండరు చూసేను. అమావాస్యకి ఇంకా తొమ్మిది రోజులుంది. నేను కొత్తగా పెట్టిన 'ఆలస్యాల రిజిస్టరు' తీసి ఇలా రాసేను: "కటింగ్ విభాగంలో తీవ్ర నిర్లక్ష్యం. సదరు ఉద్యోగిని మూడు పర్యాయములు అసత్య కారణములు చూపి పని నిలిపివేసినది. మేనేజరు గారు తగు చర్య తీసుకొనవలెను."

శనివారం పదకొండయింది. అందర్నీ నిలబెట్టి, చిన్న ఉపన్యాసం ఇచ్చి, పెట్టె తాళం తీసేను. పన్నెండు కాయితాలున్నాయి. పన్నెండు సలహాలు వస్తాయని నేనే ఊహించలేదు, ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. మొదటిది పైకి చదివేను: "బాబు గారికి నమస్కారం. ఒకటో క్లాసు చొక్కాలు పెద్దవి." సరే అన్నట్టు తలూపి రెండోది తీసేను: "సొక్కాలు శాన పెద్దయి." మూడోది: "మా గుంటడు ఒకటో తరగతే. ఆడికి ఈ సొక్కా ఇంటికి కప్పినట్టుంతాది." నాలుగోదీ, ఆ తర్వాతవీ అదే మాట. ఒక్కటి మాత్రం ఫ్యాను గురించి. ఆఖరిదాని మీద అక్షరాల్లేవు, బట్ట మీద గీసే సుద్దతో వేసిన బొమ్మ ఉంది. నేల దాకా వేలాడుతున్న చొక్కా, మెడ కన్నంలోంచి రెండు కళ్ళు. దాని పక్కన మీసాలున్న పొడుగాటి మనిషి, అతని చొక్కా బొడ్డు పైనే ఆగిపోయింది.

బల్ల మీది కట్టలోంచి ఒకటో తరగతి చొక్కా ఒకటి తీసి నా చొక్కా మీదే తొడుక్కున్నాను. నాకు సరిగ్గా సరిపోయింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను ఆ చొక్కాతోనే బట్టలు పెట్టే గదిలోకి వెళ్ళి, తానుల వెనక కూర్చున్నాను. పందొమ్మిదిమందిలో సగం మంది ఆగస్టు నుంచి ఇంట్లో కూర్చోవాలన్న మాట ఆరు రోజుల తర్వాత మొదటిసారి నాకు వినిపించింది. కోటపాడు అక్క మొగుడు మంచం మీదున్నాడని ఎవరో అనగా ఎప్పుడో విన్నాను. ఆవిడకి ఈ పనే ఆధారం. కాసేపటికి మామ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది.

"ఏడస్తన్నావేటి?"

"లేదు మామ్మా, బట్ట దుమ్ము."

"దుమ్మే. తాగు. తాగి పెద్దసారుకి ఫోన్ సెయ్యి."

"ఆయన ఆస్పత్రిలో ఉన్నారు మామ్మా. ఏమని చెప్పను?"

"జరిగిందే సెప్పు. వేరే ఏటి సెప్తావు?"

చేసేను. ఒక్క గుక్కలో అంతా చెప్పేసేను. తర్వాత పెద్దసారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరికీ దెబ్బలవీ తగల్లేదు కదా?" లేదన్నాను. "నువ్వు అన్నం తిన్నావా?" అదీ లేదన్నాను. "తిను. మూడింటికి వస్తాను." వెనకనించి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఎల్లండి, మా చెల్లి ఉంది కదా. నా మోకాలు ఎక్కడికీ ఎల్లిపోదులెండి" అంటున్నారావిడ. ఆవిడ ఆపరేషనయి అప్పటికి నాలుగు రోజులే అయింది. ఆ మాట వినగానే మళ్ళీ బట్ట దుమ్ము లేచింది.

మూడింటికి పెద్దసారు బస్సు దిగి వచ్చేరు. చేతిలో ఆస్పత్రికి చూడ్డానికొచ్చినవాళ్ళు ఇచ్చిన బత్తాయిల సంచి. అవి కోటపాడు అక్క చేతికిచ్చి "అందరికీ ఒలిచి పెట్టమ్మా" అన్నారు. చొక్కాల కట్టల్ని చూసేరు. నా వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి రోలుగుంట పిన్ని మిషను ఒక పక్క పట్టుకుని, ఇంకో పక్క నన్ను పట్టుకోమన్నారు. ఇద్దరం దాన్ని తీసుకెళ్ళి కోటపాడు అక్క మిషను పక్కన, పాత చోటే పెట్టేం.

"ఆవిడికి కుడి చెవి అసలు వినబడదురా, ఎడమ చెవి సగమే. ఏ మాటొచ్చినా ఈ అమ్మాయే ఎడమ పక్కనించి చెప్తాది" అన్నారు మెల్లిగా.

"నాకెవరూ చెప్పలేదు సార్."

"నువ్వడిగేవా?"

అప్పుడే ఆయన కళ్ళు గోడ మీది చార్టు మీద పడ్డాయి. 'ఈ వారం స్టార్'. నన్ను చూసేరు, పిన్నిని చూసేరు. పిన్ని చక్కగా నవ్వి తలూపింది. ఆయన మీసాల కింద ఏదో కదిలింది కానీ బయటికి రాలేదు. వారమంతా నా ఉపన్యాసాలని ఆస్వాదించిన ఒకే ఒక్క మనిషికి వాటిలో ఒక్క ముక్కా వినబడలేదని అలా తెలిసింది.

తర్వాత ఆఫీసు గదిలో కూర్చుని హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసేరు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "అయ్యా, చిన్న తరగతుల సైజులు తేడా వచ్చేయండి. తప్పు నాదే… లేదండి, పనివాళ్ళది కాదు, కుర్రాళ్ళదీ కాదు. లిస్టు నా పూచీ. మీ బట్ట పోనివ్వను. సోమవారం కాదు, మంగళవారం సాయంత్రం నేనే తెచ్చి ఇస్తాను." అవతల ఆయన చాలాసేపు గట్టిగా మాట్లాడేరు. పెద్దసారు "అవునండి, అవునండి" అంటూ అంతా విన్నారు. ఫోన్ పెట్టేక నాకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

"బయటివాళ్ళకి నేను చెప్పేనురా. లోపలివాళ్ళకి నువ్వు చెప్పుకోవాలి" అన్నారాయన. ఆ మాటంటూనే బల్ల మీదున్న ఆలస్యాల రిజిస్టరు తెరిచి చదివేరు. అది చదివి, మూసి, నా చేతిలో పెట్టేరు. "మామ్మ తాను ఎందుకు విప్పలేదో నీకు తెలిసిందా?"

అప్పుడు వెలిగింది. నీలం తాను విప్పుంటే పదో తరగతి వాళ్ళకి ఇరవైనాలుగు అంగుళాల చొక్కాలు తయారయ్యేవి. వాటినేం చేసినా పెద్దవి చెయ్యలేం. కత్తెర సానకీ, నడుం నొప్పికీ, రాని అమావాస్యకీ అర్థం అది. చదువురాని మనిషి మాట నేను వినలేదు కాబట్టి, ఆవిడ అబద్ధాలాడి మా యూనిట్‌ని కాపాడింది.

"ఇది ఆవిడికి నువ్వు చదివి వినిపిస్తావా, నన్ను వినిపించమంటావా?" అన్నారు పెద్దసారు. గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగేరు.

నేనే చదివేను. అందరూ కూర్చునే ఉన్నారు, నేనొక్కణ్ణీ నిలబడ్డాను, అదీ ఆ పెద్ద సైజు గళ్ళ చొక్కాలో, విప్పడం మరిచిపోయి. "సదరు ఉద్యోగిని" దగ్గర ఆగి మళ్ళీ మొదలుపెట్టేను. "అసత్య కారణములు" దగ్గరికి వచ్చేసరికి కోటపాడు అక్క పిన్ని ఎడమ చెవిలో ప్రతి మాటా అప్పగిస్తోంది. చదవడం అయ్యాక, "తప్పు నాది. మామ్మ చెప్పింది, నేను వినలేదు. మీరందరూ రాసేరు, నేను తాళం వేసుకుని కూర్చున్నాను" అన్నాను.

తర్వాత మామ్మ అంది: "సదరు అంటే ఏటి బాబూ?"

"నువ్వే మామ్మా."

"బాగుంది పేరు" అంది మామ్మ. అంతే, షెడ్డంతా నవ్వు. కోటపాడు అక్క చెవిలో చెప్పడం అయ్యాక రోలుగుంట పిన్ని ఒక్కతీ మిగిలినవాళ్ళు ఆపేసేక నవ్వింది, దానికి అందరూ మళ్ళీ నవ్వేరు. మామ్మ చనిపోయేదాకా అక్కడ అందరూ ఆవిణ్ణి 'సదరు మామ్మ' అనే పిలిచేరు. ఆవిడకీ ఆ పేరు ఇష్టమే.

పెద్దది చిన్నది చెయ్యొచ్చు కాబట్టి బతికిపోయేం. ఆదివారం పొద్దున్నే రమ్మని పెద్దసారు ఎవరికీ చెప్పలేదు. "రేపు నేను ఏడింటికి వస్తాను, కుట్లు విప్పుకుంటాను" అని మాత్రం అన్నారు. ఏడింటికి మేం వెళ్ళేసరికి గుమ్మం దగ్గర పదిహేనుమంది ఉన్నారు, తర్వాతి బస్సుకి మిగతావాళ్ళూ దిగేరు. పెద్దసారు నేల మీద చాప పరుచుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బ్లేడు ముక్కతో కుట్లు విప్పుతూ కూర్చున్నారు. ఆయన పక్కన నేను. విప్పిన బట్టని మామ్మ బల్ల మీద పరిచి, పాత క్యాలెండరు కాయితం చూసి కత్తిరించేది. ఆ రోజంతా షెడ్డులో ఒకటే మాటలు. ఆవు ఈనిందనీ, పెయ్య పుట్టిందనీ, చీడికాడ వైపు వాన పడిందనీ. ఆ మాటల మధ్యలోనే "మామ్మా, ఈ చేతులు అంగుళం ఎక్కువున్నట్టున్నాయి సూడు" అని ఒకరూ, "నా మిషను దారం లాగేస్తంది సారూ" అని ఇంకొకరూ అంటూనే ఉన్నారు. పెద్దసారు ఒక్కో మాటకీ లేచి వెళ్ళి చూసి వస్తున్నారు. రోజుకి మూడు గంటల అనవసర సంభాషణలని నేను రాసుకున్నది దేన్నో అప్పుడు చూసేను. నేను కుట్లు విప్పిన మొదటి పది చొక్కాల్లో నాలుగు చింపేసేను. పెద్దసారు వాటిని ఏమీ అనకుండా తన ఒడిలోకి లాక్కుని, జేబులకి పనికొస్తాయని మామ్మకిచ్చేరు.

సోమవారం మామ్మ నీలం తాను కూడా విప్పింది. మంగళవారం సాయంత్రం ఆటోలో మూటలేసుకుని స్కూలుకి వెళ్ళేం, పెద్దసారూ, నేనూ, మామ్మా. మామ్మ ఎందుకని అడిగితే "రానీరా" అన్నారంతే. హెడ్మాస్టరు గారు చొక్కాలు చూసుకుని శాంతించి, "పోనీలెండి, బట్ట దక్కింది" అన్నారు. పెద్దసారు మామ్మని ముందుకి పిలిచి, "దక్కించింది ఈవిడండి. నీలం తాను నేను విప్పమన్నా విప్పలేదు" అన్నారు. హెడ్మాస్టరు గారు లేచి కుర్చీ చూపించేరు. మామ్మ అంచు మీద కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు. తిరుగు దారిలో ఆటో దిగేముందు "కుర్సీ మెత్తగుంది బాబూ" అంది నాతో. ఆ స్కూలు ఆర్డరు నిలబడింది. ఆగస్టులో ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.

ఇప్పుడు నేనుండేది అనకాపల్లిలో. నా కింద నలభైమంది పనిచేస్తున్నారు, పొద్దున్న వాళ్ళ మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం అలవాటైపోయింది. ఆ మధ్య పని మీద చోడవరం వెళ్ళినప్పుడు, నా దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని పెద్దసారు ఇంటికి వెళ్ళేను. ఆయనకి డెబ్భై దాటేయి. ఆయన భార్య మోకాలు బాగానే ఉంది, ఆయన కన్నా చురుగ్గా తిరుగుతున్నారు. టీలు తాగుతూ మా కుర్రాళ్ళలో ఒకడు, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని పొరపాటు ఏదైనా ఉందా?" అని అడిగేడు. (వాడూ ఈమధ్యే ట్రెయినింగుకి వెళ్ళొచ్చేడు.)

"ఎందుకు లేదు" అన్నారు పెద్దసారు ఉత్సాహంగా. "ఒకసారి స్కూలు చొక్కాల సైజులు తిరగేసి రాసేసేనర్రా. ఒకటో తరగతి గుంటలకి ముప్పైఎనిమిది అంగుళాలు. నూట నలభై చొక్కాలు. మా ఆవిడికి ఆపరేషను, ఆ కంగారులో ఉన్నాను. మామ్మ లేకపోతే ఆ రోజు నా పని అయిపోయేది."

"సార్, అది మీరు కాదు, నే…" అన్నాను.

"నువ్వూరుకో. నీకేటి తెలుసు, నువ్వప్పటికి కొత్త గుంటడివి" అని నా మాట కొట్టేసి, మిగిలిన కథంతా తన మీదే వేసుకుని చెప్పేరు. రిజిస్టరు చదివింది తనే, గళ్ళ చొక్కా తొడుక్కున్నది తనే. కుర్రాళ్ళిద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన నిజంగా అలాగే గుర్తుపెట్టుకున్నారో, ఇన్నేళ్ళయినా ఇంకా నన్ను కాస్తున్నారో, ఎంత పరకాయించి చూసినా ఆ ముఖంలో నాకు దొరకలేదు. లోపలి గుమ్మం దగ్గర నిలబడున్న ఆవిడ మాత్రం నన్ను చూసి చిన్నగా తల అడ్డంగా ఊపేరు, చెప్పనివ్వు అన్నట్టు.

చెప్పనిచ్చేను. నా ఇరవైమూడేళ్ళ అవతారాన్ని ఇంకొకాయన తనదని చెప్పుకుంటుంటే పక్కన కూర్చుని వినడం తమాషాగా ఉంది. ఆయన నోట్లో వాడు నాకు గుర్తున్నంత బుద్ధిహీనుడిగా లేడు. కంగారుపడ్డ మంచివాడిలా ఉన్నాడు. అలా కూడా ఉండేవాడేమోనని మొదటిసారి అనిపించింది.